ఐర్లండ్ పిలగాడికి నిలువెత్తు బెల్లం

మా కోడలు ఈ మధ్య బరువు చూసుకునే యంత్రం ఒకటి కొన్నది. పల్చటి అద్దం పలకలాగా ఉంటుంది. దాన్ని స్నానాల గది ముందు పరిచి పెట్టింది. పొద్దున్నే చాయ్ తాగకముందే ఇంట్లో ఒక్కొక్కరూ దాని మీదికెక్కి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని కిందికి చూస్తారు. పొట్ట లాక్కుంటే బరువు తగ్గుతుందని బ్యాంకులో పనిచేసే మా కోడలికి ఎవరు చెప్పారో నాకు తెలియదు. అంకె తగ్గిందా, ఆ రోజు ఇంట్లో పండుగే. పెరిగిందా, నేను పోపులో నూనె ఎక్కువ పోశానని అందరూ నా మీద పడతారు. నన్ను కూడా ఎక్కమన్నారు. నర్సుగా ఊరందరి బరువూ చూసినదాన్ని, నా బరువు సంగతి నా మోకాళ్లకు తెలుసు, మీకెందుకని ఎక్కలేదు. కానీ వాళ్ల ముఖాలు చూస్తుంటే, ముల్లు పైకి జరిగితే కేకలు వేసి సంతోషపడిన ఇల్లు ఒకటి గుర్తొచ్చి, వంటింట్లోకి పోయి చాలాసేపు నాలో నేనే నవ్వుకున్నాను.

మన ఈడు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మన చిన్నప్పుడు సెలవులకు మేనమామ ఇంటికి పోయి వస్తే, గడపలో మనల్ని చూసి కొంచెం ఒళ్లు చేసిందని అనడం ఆ ఇంటి అత్తకు దక్కే మెచ్చుకోలు. ఆ అలవాటును మూటగట్టుకుని నేను సముద్రాలు దాటి పోయాను. అక్కడ ఒక బక్కపిల్లవాడికి ఒళ్లు చేయించి, వాడు ఆ దేశం తరఫున రగ్బీ ఆడడం కళ్లారా చూశాను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి. ఆడింది వాడే, నేను రొట్టెలు మాత్రమే చేశాను. అయితే ఆ రొట్టెల వెంట మా అమ్మ మొక్కిన మొక్కు ఒకటి తోడై, మా రెండు కుటుంబాలనూ ఇరవై ఏళ్లపాటు పరేషాన్ చేసింది. ఆ సంగతే చెబుతాను.

బీదర్‌లో నర్సుగా పనిచేస్తున్న రోజుల్లో, ముప్పై దాటిన తర్వాత, ఐర్లండ్ ఆసుపత్రులకు నర్సులు కావాలని తెలిసి పరీక్షలు రాసి వెళ్లాను. మా ఆయన ఇక్కడ బడి పంతులు. పిల్లవాణ్ని మా అత్తమ్మ చూసుకుంటానన్నది. వెళ్లేటప్పుడు అందరికీ ధైర్యం చెప్పిందాన్ని నేనే, హైదరాబాద్ దారిలో మన్నాఏఖేళ్ళి ఊరు దాటేసరికి కారులో వెక్కివెక్కి ఏడ్చిందాన్నీ నేనే. అక్కడ పడమటి వైపు, నది ఒడ్డున ఉన్న ఒక పట్నంలో నాకు పని దొరికింది. మన దగ్గర వాన వస్తుంది, పోతుంది. అక్కడ వాన ఇంట్లో మనిషిలాగా ఎప్పుడూ ఉంటుంది. ఆసుపత్రికి దగ్గర్లో ఒకావిడ మేడ మీది గది అద్దెకిస్తానంటే అందులో దిగాను.

మా ఇంటావిడ సిటీ బస్సు నడిపేది. అంత పెద్ద బస్సును అంత సన్నటి ఆవిడ మలుపులు తిప్పుతుంటే నేను నోరు తెరిచి చూసేదాన్ని. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, నేను వెళ్లేనాటికి వాడికి పదహారు నిండాయి. ఆమెను నేను అక్కా అని పిలవడం విని, వాడు నన్ను అక్కా అనడం మొదలుపెట్టాడు. వరస తప్పు నాయనా అని ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోలేదు, ఇప్పటికీ అక్కానే. మనిషి తాటిచెట్టంత పొడుగు, చేతులు మోకాళ్లను తాకుతాయేమో అనిపిస్తుంది, కానీ భుజాల ఎముకలు చొక్కాలోంచి లెక్కపెట్టవచ్చు. బస్సు దిగి వచ్చిన తల్లికి వండే ఓపిక ఉండదు. ఇద్దరూ రొట్టెముక్కలు, వేయించిన ఆలుగడ్డలు తిని పడుకునేవాళ్లు.

వాడికి లోకంలో ఉన్నదల్లా రగ్బీ ఒక్కటే. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉండదు, పెద్ద కోడిగుడ్డులాగా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని ఒకడు పరుగెడతాడు, మిగతావాళ్లు వాడి మీద పడతారు. మధ్యమధ్యలో ఈ పక్క ఎనిమిది మంది, ఆ పక్క ఎనిమిది మంది వంగి, తలలు ఒకరి భుజాల్లోకి ఒకరు దూర్చి, అందరూ కలిసి నెట్టుకుంటారు. బురదలో దిగబడిన బండిని లాగేటప్పుడు ఎద్దులు మూలిగే మూలుగు నేను అక్కడ మనుషుల నోట విన్నాను. ముందు వరసలో రెండు చివర్లా నిలబడే వాళ్లను ప్రాప్ అంటారు, అంటే గుంజ అన్నమాట. వెనక వాళ్ల బరువంతా, ఎదుటి వాళ్ల బరువంతా వాళ్ల మెడ మీదే. వాడి నాయన ఆ చోటులోనే ఆడేవాడట. అందుకని వీడికీ ఆ చోటే కావాలి.

నేను మొదటిసారి వాడి ఆట చూడడానికి వెళ్లిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. రెండు జట్లు గుద్దుకోగానే వీడు వెనక్కి ఎగిరి పడ్డాడు. నేను చేతిసంచి అక్కడే పారేసి, ఉద్యోగ ధర్మం కొద్దీ మైదానంలోకి పరుగెత్తాను. ఈల వేసి ఆట ఆపేశారు. ముక్కుకు, మెడకు ఏం కాలేదని నేను నొక్కి చూస్తుంటే, రెండు జట్ల పిల్లలూ నవ్వు ఆపుకోలేక కింద కూర్చున్నారు. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రోజు నాకు ఇంకో విషయం కూడా కనిపించింది. ముందు వరసలో ఆడే పెద్దవాళ్ల చెవులు నలిగి, మడతలు పడి, ముద్దల్లాగా ఉన్నాయి. అవి అచ్చంగా మా నాయన చెవులు.

మాది హుమ్నాబాద్ దగ్గర దుబల్గుండి. మా నాయన చెరుకు పండించేవాడు, పొద్దున లేస్తే తాలీంలో కుస్తీ పట్టేవాడు. కుస్తీలో తల తలకు రాసుకుని రాసుకుని పహిల్వాన్ల చెవులు అట్లా అవుతాయి. ఊళ్లో ఎవరైనా కొత్త మనిషి పహిల్వాన్‌నని చెప్పుకుంటే, మా నాయన ముఖం చూసేవాడు కాదు, చెవి చూసేవాడు. ఆయన కోసం మా నాయనమ్మ బాదంపప్పులు నానబెట్టి నూరడం, పాలు మరిగించడం, జొన్నరొట్టె మీద చెంచాతో కాకుండా గరిటెతో నెయ్యి పోయడం చూస్తూ పెరిగినదాన్ని. పహిల్వాన్ తిండిని మా దగ్గర ఖురాక్ అంటారు. దానికో పద్ధతి ఉంది. కసరత్తు చేసి వచ్చినవాణ్ని ఒంటరిగా తిననివ్వకూడదు, ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. తిన్నది ఎంతో పైకి అనకూడదు.

ఒక సాయంత్రం పనినుంచి వచ్చేసరికి ఇంటావిడ వంటింట్లో కళ్లు తుడుచుకుంటున్నది. రాష్ట్రం జట్టుకు తయారుచేసే బడిలోకి పిల్లలను ఎంచుకునే సమయం దగ్గరపడిందట. వీడికి బలముంది, పట్టు ఉంది, మెడ గట్టిది, కానీ బరువు చాలదని వాళ్లు తేల్చి చెప్పారు. ఆ లోపల బరువు పెరగకపోతే ఇంకో చోట ఆడాలి, లేదా వదులుకోవాలి. వాడేమో నాయన ఆడిన చోట తప్ప ఇంకెక్కడా ఆడనని తలుపేసుకున్నాడు. నాకు ఒక్కసారి మా నాయనమ్మ పూనింది. వంటిల్లు నాకు వదిలిపెట్టమని ఆమెను అడిగాను.

ఆ తర్వాత ఆ ఇల్లు ఇల్లుగా లేదు, తాలీం అయింది. ఆ దేశంలో వెన్న ఎంత బాగుంటుందో చెప్పలేను. దాన్ని కాచి నెయ్యి చేస్తుంటే, ఎవరో నగలు కరిగిస్తున్నట్టు ఇంటావిడ పొయ్యి దగ్గరికి వచ్చి కంగారుగా చూసింది. నేను మోసుకుపోయిన జొన్నపిండి త్వరలోనే అయిపోయింది. అప్పుడు వాళ్ల ఓట్స్‌నే మిక్సీలో పట్టి, వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి పెనం మీద వేశాను. మా అమ్మ చూస్తే దాన్ని రొట్టె అనడానికి ఒప్పుకోదు, కానీ పల్లీల చట్నీ, గడ్డపెరుగు, నెయ్యి తోడైతే దాని తప్పులన్నీ కప్పుకుపోయేవి. ఊరి బెల్లంతో కట్టిన పల్లీ ముద్దలు వాడి సంచిలో పెట్టేదాన్ని. వాటి కోసం జట్టు పిల్లలు వాడి సంచి వెతకడం మొదలుపెడితే వాళ్లకూ కట్టవలసి వచ్చింది.

మనం అనుకుంటాం, తినడం సుఖం కదా అని. వాడికి అది పెద్ద కసరత్తు. మొదటి రొట్టె ఆకలితో తినేవాడు, రెండోది నా కోసం తినేవాడు, మూడోదానికి కళ్లలో నీళ్లు తిరిగేవి. నేను ఎదురుగా కూర్చుని మా ఊరి ముచ్చట్లు చెబుతూ, నాలుగోది పళ్లెంలో జార్చేదాన్ని. మా అబ్బాయికి అన్నం కలిపి పెట్టవలసిన చేతులు ఊరికే ఉండలేక అంత పని చేశాయేమో, ఇప్పుడు అనిపిస్తుంది. శనివారం పొద్దున వంటింటి మూలలో ఉన్న పాత ముల్లు యంత్రం ఎక్కేవాడు. ముల్లు ఒక గీత జరిగితే చాలు, నేను, వాళ్లమ్మ చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ రోజంతా ఆమె బస్సు మా వీధిలోంచి వెళ్లినప్పుడల్లా హారన్ మోగించేది. బస్సులో ఉన్నవాళ్లు ఏమనుకునేవారో పాపం.

ఎంపిక దగ్గరపడ్డాక ముల్లు మొండికేసింది. ఎంత పెట్టినా కదలడం లేదు. ఆ దిగులులో ఒక మధ్యాహ్నం ఫోన్ కార్డు కొని దుబల్గుండికి ఫోన్ చేసి, మా అమ్మతో మాటల్లో చెప్పాను. ఇంటావిడ కొడుకే అమ్మా, తండ్రిలేని పిలగాడు, బక్కగా ఉన్నాడు, పెట్టింది తినలేకపోతున్నాడు అని. మా అమ్మ క్షణం ఆలోచించలేదు.

"అయ్యో బిడ్డ! తింటలేడా? ఎల్లమ్మకు మొక్కుతున్న. పిలగాడు మంచిగ ఒళ్లు జేస్తే నిలువెత్తు బెల్లం తూపిస్త. నువ్వేం రంది వెట్టుకోకు, ఫోన్ వెట్టేయ్, పైసలైతయ్."

మా వైపు ఇది కొత్తేమీ కాదు. పాలు మానిన పసివాళ్లు తిండి తినకపోతే, ఊరి ఎల్లమ్మకు బిడ్డ ఎత్తు బెల్లం మొక్కుతారు. బిడ్డ కోలుకోగానే తరాజులో ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు బెల్లం దిమ్మలు పెట్టి తూచి, అమ్మవారికి చూపించి ఊరంతా పంచుతారు. చిన్నపిల్లలు కాబట్టి బెల్లం ఒక గంపకు మించదు. నేను చెప్పింది విని మా అమ్మ కళ్లముందు ఉన్నది నాలుగేళ్ల పసివాడు. అది నాకు అప్పుడు తట్టలేదు, ఆమె అడగనూ లేదు.

ఏమైతేనేం, వాడు ఎంపికయ్యాడు. అమ్మ ఎల్లమ్మ చలవ అన్నది, వాళ్లమ్మ రొట్టె చలవ అన్నది, వాడు మాత్రం మెడ చలవ అన్నాడు. ఆ ఏడు సెలవు మీద వచ్చినప్పుడు వాడి ఫోటో తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. బురదలో బంతి పట్టుకుని తలుపంత మనిషి నిలబడి ఉన్నాడు. అమ్మ ఫోటోను దగ్గరికి, దూరానికి పెట్టుకుని చూసి అడిగింది.

"గీయనేనా పిలగాడు? గీయన గడ్డం గీక్కుంటుండు గదనే!"

అవునంటే ఫోటోను బోర్లించి పక్కన పెట్టింది. చెరుకు పండించే మా తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. "అమ్మా, నువ్వు మొక్కింది పిలగాని మీదనా, నా చెరుకుతోట మీదనా?" అని అడిగి నవ్వాడు. ఊరి పెద్దవాళ్లను అడిగితే, మొక్కినప్పటి బరువు లెక్కకు రాదు, తరాజులో కూర్చున్న రోజు ఎంతుంటే అంత ఇవ్వాల్సిందే, అదీ మనిషి స్వయంగా వచ్చి కూర్చోవాల్సిందే అన్నారు. మా తమ్ముడి నవ్వు అక్కడితో ఆగింది.

వాడి ఎదుగుదల నేను రోజూ చూసినదే. మొదట రాష్ట్రం జట్టులో బయట కూర్చున్నాడు, తర్వాత లోపలికి పోయాడు, తర్వాత వాడు లేకపోతే ముందు వరస నిలవదన్నారు. దేశం జట్టుకు మొదటిసారి ఆడిన రోజు నేను వార్డులో డ్యూటీలో ఉన్నాను. మంచాల మీద ఉన్న ముసలివాళ్లంతా టీవీ వైపు తిరిగి ఉన్నారు. పచ్చ చొక్కా వేసుకుని, వాళ్ల పాట పాడుతూ వాడు తెరమీద కనిపించగానే నేను మందుల పళ్లెం కింద పెట్టి, వాడు మా ఇంటి పిల్లవాడని చెప్పాను. తుంటి ఎముక విరిగి పడుకున్న ఒక పెద్దాయన లేచి నిలబడబోతే నేను, ఇంకో నర్సు కలిసి పట్టుకుని పడుకోబెట్టవలసి వచ్చింది. వాళ్లు గెలిచారు. ఆ సాయంత్రం వార్డులో ఎవరి రక్తపోటూ సరిగా లేదు.

అక్కడ ఆటగాళ్లను ఎప్పుడూ తూస్తూనే ఉంటారు. ఎదుటి జట్టు బరువెక్కితే వీళ్లూ ఎక్కాలి. వాడు పెరిగాడన్న కబురు నేను సంతోషంగా ఫోన్‌లో చెబితే, అవతల మా తమ్ముడు "అక్కా, జల్ది తీస్కరా ఆయనను, ఇంకా పెరుగుతుండంట గద!" అని మొత్తుకునేవాడు. ఐర్లండ్‌లో ప్రతి గెలుపుకూ దుబల్గుండిలో ఒక మనిషి తల పట్టుకుంటాడని అక్కడివాళ్లకు ఎవరికీ తెలియదు.

మా అబ్బాయి పై చదువుకు వచ్చే వేళకు నేను ఉద్యోగం వదిలి బీదర్ వచ్చేశాను. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మా ఇంట్లో తప్పని తంతు అయింది. దుబల్గుండిలో అమ్మ ఎదురుచూస్తుంటుంది, నేను వాళ్లతో మాట్లాడి అమ్మకు చెబుతాను. ఆమెకు గెలుపోటములతో పనిలేదు. ఆయన వస్తుండా, ఎప్పుడు వస్తుండు, ఇవే ఆమె అడిగేవి. వాడికీ రావాలనే ఉండేది. మొక్కు సంగతి విన్నప్పుడు నేల మీద దొర్లి నవ్వాడు కానీ, వస్తానని మాట ఇచ్చాడు. అయితే ఆటలు ఆగిన నెలల్లో వాడికి భుజానికో, మెడకో చికిత్స ఉండేది. అది తేరేసరికి మళ్లీ శిక్షణ మొదలు. ఆట ఉన్నన్నాళ్లు రాలేడు. ఆట ఇంకా ఇంకా ఉండాలని మేమంతా కోరుకునేవాళ్లం. అమ్మ వయసు మీదపడుతున్నది. మొక్కు తీరకుండా పోతానేమోనని ఆమెకు భయం పట్టుకున్నది. తెల్లవారితే ఎల్లమ్మ ముందు నిలబడి, వాడు మంచిగా ఆడాలని ఒక మాట, వాడు తొందరగా రావాలని ఒక మాట చెప్పుకునేది. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవని ఆమెకూ తెలుసు.

అట్లా ఉండగా ఒక పెద్ద ఆటలో వాడి మోకాలు పోయింది. నేను ఇక్కడ ఫోన్ తెరమీద చూశాను. లోపల నరం ఏది తెగి ఉంటుందో పడిన తీరు చూడగానే నాకు అర్థమైంది. ఇంకెప్పుడూ ఆడలేకపోవచ్చని వైద్యులు అన్నారట. ఇంటావిడ ఫోన్ చేసి ఏడ్చింది. కాలి కంటే ఆమె దిగులు వేరే. వాడు తినడం మానేశాడు. అమ్మకు చెప్పక తప్పలేదు. విని, మొక్కు ఆలస్యమైనందుకే ఎల్లమ్మ యాదికి తెస్తున్నదని తీర్మానించింది. నేను నర్సును, మోకాలి నరాల గురించి గంటసేపు చెప్పాను. ఆమె అంతా విని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి వాడి పేరున ముడుపు కట్టి, కొంచెం ఓపిక పట్టు తల్లీ, పిలగానికి కాలు బాగలేదు అని అమ్మవారికే నచ్చజెప్పింది. నా వంతుగా నేను రోజూ వాడు అన్నం తినే వేళకు వీడియోలో ఎదురుగా కూర్చున్నాను. తిన్నది ఎంతో అడగలేదు, దుబల్గుండి ముచ్చట్లు చెప్పాను. మొదట చెంచా పక్కన పెట్టి వింటూ ఉండేవాడు. కొన్నాళ్లకు వింటూ తినేవాడు. ఏడాది తిరిగేసరికి మైదానంలో ఉన్నాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆడాడు. పేరు, పతకాలు అన్నీ వచ్చాయి. ముందు వరసలో కొత్త పిల్లలు ఎవరొచ్చినా వాడి పక్కన నిలబడి నేర్చుకునేవాళ్లట.

పోయిన ఏడు వాడు ఆఖరి ఆట ఆడాడు. మైదానం చుట్టూ మెల్లగా నడుస్తూ చేతులూపుతుంటే జనమంతా లేచి నిలబడ్డారు. నేను కళ్లు తుడుచుకుంటుంటే అవతల ఫోన్‌లో అమ్మ, "అయిపోయిందా ఆట? ఇగ వస్తడు గదా?" అన్నది. చలికాలంలో వస్తున్నామని తల్లీకొడుకులు కబురు చేశారు.

హైదరాబాద్ నుంచి కారులో వస్తూ మన్నాఏఖేళ్ళి దగ్గర చాయ్‌కి ఆపితే, వాణ్ని చూడడానికి లారీలు ఆగాయి. దుబల్గుండిలో సరేసరి. మా నాయనకు జోడీగా కుస్తీ పట్టిన ముసలి పహిల్వాన్ ఒకాయన కర్ర పట్టుకుని వచ్చి, ఏమీ అడగకుండా వాడి చెవి ముట్టుకుని చూసి, తన చెవి చూపించి, భుజం తట్టి కూర్చున్నాడు. ఇద్దరికీ ఒక్క మాట ఉమ్మడిది లేదు, అయినా గంటసేపు పక్కపక్కన కూర్చుని పట్లు చూపించుకున్నారు. అమ్మ మాత్రం వాణ్ని చూసి నిరాశపడింది. ఆట మానేశాక మోకాలి కోసం బరువు తగ్గమని వైద్యులు చెప్పారట, ముందున్నంత లేడు.

"గిట్ల ఎండిపోయిండేందే!" అని నా మీద కోప్పడింది. ఇన్నేళ్లలో మొట్టమొదటిసారి మా తమ్ముడి ముఖం వెలిగింది.

వెలిగిన ముఖం ఎంతోసేపు ఉండలేదు. ఊళ్లో బెల్లం గానుగలు ఎప్పుడో మూతపడ్డాయి, చెరుకంతా ఫ్యాక్టరీకి పోతున్నది. చుట్టూ చెరుకు పెట్టుకుని బీదర్ గంజ్ బజారులో బెల్లం కొని ట్రాక్టర్‌లో తెచ్చారు. పెద్ద తరాజు ఒక పాత సావుకారు ఇంటి అటక మీద దొరికింది. దాన్ని ఎక్కడ వేలాడదీయాలన్నది సమస్య. కొట్టం దూలానికి కడితే కొట్టమే కూలి వస్తుందని అందరూ వద్దన్నారు. చివరికి వీధిలో మురుగునీటి మోరీ తవ్వుతున్న జేసీబీని పిలిచి, దాని చెయ్యి పైకెత్తించి, దానికి తరాజు కట్టారు. ఎల్లమ్మ ముందర జేసీబీ ఏమిటని అమ్మ కాసేపు అలిగి, తాళ్లు తానే లాగి చూసి సరేనన్నది. వాడు మెల్లగా పలక మీద కూర్చుని రెండు చేతులతో తాళ్లు పట్టుకున్నాడు. రెండోవైపు దిమ్మలు పడుతున్నాయి. ఒక్కో దిమ్మకూ పిల్లలు కేకలు వేస్తున్నారు. వాడి కాళ్లు నేల వదలగానే కేకలు ఆగిపోయాయి. నిలబడితే అమ్మ వాడి నడుము దాటదు. కూర్చున్నాడు కాబట్టి ఆమె చెయ్యి వాడి తలకు అందింది. ఆఖరి దిమ్మ ఆమే పెట్టి, పసుపు చేత్తో వాడి తల నిమిరింది.

ఎదురుగా నిలబడ్డ వాళ్లమ్మ ఏడుస్తున్నది. వాడు నవ్వుతూ నవ్వుతూ ఆగి, ఎదురుగా ఉన్న బెల్లం దిమ్మల వైపు చూశాడు. దిగిన తర్వాత నాతో అన్నాడు, ఇన్నేళ్లూ తనను తూచినవాళ్లందరూ పనికొస్తాడా రాడా అని తూచారట, ఉన్నందుకు సంతోషపడి తూచినవాళ్లు వీళ్లేనట. ఆ మాట నేను తెలుగులో చెబితే అమ్మకు అంతగా అర్థం కాలేదు. ఆటగాళ్లను అంతంతసార్లు తూచుడెందుకు, దిష్టి తగులదా అని అడిగింది. బెల్లం ఊరంతా పంచారు. ఇల్లిల్లూ తిరిగి వాడే పంచాడు. రాత్రి భోజనంలో వాడు ఒకటిన్నర రొట్టె తిని మిగతా సగం పక్కన పెట్టాడు. నా చెయ్యి అలవాటు కొద్దీ ఇంకోటి తీసింది కానీ, వాడి ముఖంలో ఉన్న హాయి చూసి డబ్బాలో పెట్టేశాను.

వాళ్లు వెళ్లిపోయిన సాయంత్రం అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఇరవై ఏళ్ల భయం తీరింది కదా, నిమ్మళంగా ఉంటుందనుకున్నాను. ఆమె దారి వైపు చూస్తూ, "మొక్కు దీరిపాయె. ఇగ ఆయన ఎందుకొస్తడే బిడ్డా?" అన్నది.

ఇప్పుడు ఎవరికైనా బాగలేదని తెలిస్తే ఫోన్‌లో దండం పెడుతున్న చేతుల బొమ్మ పంపించి, మన పనిలో మనం పడిపోతున్నాం. నేనూ పంపుతాను, మీరూ పంపుతారు. ఐర్లండ్‌లో ఉన్నవాడి ముఖం నేను రోజూ చూడవచ్చు, వాడి వంటింట్లో ఏం వండారో కూడా కనిపిస్తుంది. కానీ ఎన్నడూ చూడని పిల్లవాడు తినలేకపోతున్నాడని విని, వాడి బరువంతా తన ఇంటి మీద వేసుకుని, వాడు వచ్చేదాకా బతికి ఉండాలని పట్టుబట్టే మనుషులు తగ్గిపోయారు. ఆ మొక్కు ఉన్నన్నాళ్లు వాడు మా ఇంటికి రావలసినవాడు, మేము ఎదురుచూడవలసినవాళ్లం. గడపలో అమ్మ పక్కన కూర్చున్న ఆ సాయంత్రం, ఇంకొన్నేళ్లు ఆ మొక్కు తీరకుండా ఉంటే ఎంత బాగుండేదో అని నాకూ అనిపించింది.